కొండమేక వేట: తొలి సన్నాహము

వేట యనగానే రాజులును, గుఱ్ఱములును, వేటకుక్కలును, వలలు పన్నిన బోయలును మన మనసునకు వచ్చుట సహజము. మన ప్రాచీన కావ్యములలో అట్టి వేటల వర్ణనములు పెక్కులు కలవు. ఈ పాఠములో చెప్పబోవు వేట అట్టిది కాదు. ఇందు పరివారము లేదు, కుక్కలు లేవు, కేకలు లేవు. ఒకరిద్దరు మనుష్యులు మేఘములు తాకు కొండలను తమ కాళ్లతో ఎక్కి, చంపిన జంతువును తమ వీపులపై మోసికొని దిగవలెను. ఉత్తర అమెరికా ఖండపు పడమటి పర్వతములలో జరుగు కొండమేక వేట ఇదియే. దీనికి తొలిసారి పోదలచినవాడు తుపాకి చేతబట్టుటకు ముందు అనేక మాసములు సిద్ధపడవలెను. ఆ సన్నాహమెట్టిదో, దానినుండి మనము గ్రహింపదగిన దేమున్నదో తెలిసికొందము.

మొదట ఆ జంతువును గూర్చి తెలియవలెను. పేరునకు మేకయే కాని, శాస్త్రజ్ఞులు దీనిని మన యింటిమేకల ప్రజాతిలో చేర్చరు. దీని శాస్త్రీయనామము ఓరియామ్నాస్ అమెరికానస్. ఆ ప్రజాతిలో నేడు జీవించియున్నది ఇది యొక్కటియే. అలాస్కా దక్షిణ తీరము మొదలుకొని, కెనడా దేశములోని యూకాన్, బ్రిటిష్ కొలంబియా, ఆల్బర్టా ప్రాంతముల మీదుగా, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని వాషింగ్టన్, ఐడహో, మాంటానా రాష్ట్రముల వఱకు గల పర్వతములు దీని పుట్టినిండ్లు. లోకమునగల కొండమేకలలో సగమునకు మించి బ్రిటిష్ కొలంబియాలోనే యున్నవి. చెట్లు మొలచు ఎత్తు దాటిన పిదప బండలును, మంచును, కొంచెపు పచ్చికయు తప్ప మఱేమియు లేని నిట్టనిలువు చఱియలపై ఇది కాపురముండును. శీతకాలమున సముద్రతీరపు కొండలలోని మేకలు అడవులలోని చఱియలకు దిగివచ్చును. లోతట్టు కొండలలోని మేకలలో చాలభాగము, గాలికి మంచు కొట్టుకొనిపోయిన శిఖరపార్శ్వములను విడువక అచ్చటనే చలిని భరించును.

దీని దేహము తెల్లనిది. పైన పొడుగాటి వెండ్రుకలును, వాని క్రింద దట్టమైన మెత్తని ఉన్నియు ఉండును. వేసవిలో ఈ ఉన్ని యూడి, శీతకాలమునకు మరల పెరుగును. గడ్డము క్రింద బొచ్చు వ్రేలాడుచుండును. పోతునకును ఆడుమేకకును గూడ నల్లని కొమ్ములు కలవు; అవి ఇరువది మొదలు ముప్పది సెంటీమీటర్ల పొడవు పెరుగును. జింకల కొమ్ములవలె ఏటేట రాలిపోవు. పెద్ద పోతు నూఱు కిలోగ్రాములకు పైగా తూగును. అంత బరువుగల జంతువు అరచేతి వెడల్పు అంచుమీద నిలువగలుగుటకు కారణము దాని గిట్టలే. ప్రతి గిట్ట యందును రెండు వ్రేళ్లు విడివిడిగా చాచుకొనగలవు. వాని అంచు గట్టిగా నుండి బండ పగుళ్లను పట్టుకొనును. నడుమ భాగము రబ్బరువలె మెత్తగా నుండి నున్నని రాతిపై జారకుండ అంటుకొనును. ముందుకాళ్ల భుజములలో గల బలముచేత అది తన శరీరమును పైకి లాగుకొనును. తోడేలు, ఎలుగుబంటి, కూగర్ అను పెద్దపిల్లి దీనిని తఱుమవచ్చునుగాని, చఱియమీదికి దాని వెంట పోవుట వానికి మిక్కిలి కష్టము. చంటిపిల్లలకు పెద్ద గద్దల భయము కలదు. అన్నిటికంటె ఘోరమైన శత్రువులలో నొకటి మంచు. చలికాలమున మంచుచఱియలు విఱిగిపడి అనేక మేకలను పాతిపెట్టును.

ఈ జంతువు సంతతి మిక్కిలి మెల్లగా పెరుగును. నవంబరు మాసమున జతగూడును; ఆఱు నెలలకు, అనగా మే నెల చివరనో జూన్ మొదటనో, పిల్ల పుట్టును. సామాన్యముగ ఒక్క పిల్లయే, కవలలు అరుదు. ఆడుమేక నాలుగైదేండ్ల వయసు వచ్చువఱకు తొలిచూలు కనదు. ఆ పిదపనైనను ఏటేట కనునని నమ్మకము లేదు. పుట్టిన పిల్లలలో కొన్ని మొదటి చలికాలమును దాటలేవు. పిల్ల పుట్టిన కొలది గంటలలోనే నిలిచి తల్లి వెంట నడచును. తల్లియు చఱియలపై దానికి దిగువ ప్రక్కనే యుండి కాపాడుచుండును. మందలో అధికారము చాలవఱకు ఆడుమేకలదే. పోతులు జతకాలమున తప్ప వానికి ఎదురు నిలువవు. ఈ సంగతులన్నియు వేటగానికి ఎందులకని మీరడుగవచ్చును. అతడు చేయవలసిన తీర్పునకు ఇవియే ఆధారము. ఏలయనిన, మందలోని ఒక పెద్ద ఆడుమేకను చంపినచో ఆ మందకు కలుగు నష్టము ఒక పోతును చంపినప్పటి నష్టమునకంటె ఎన్నియో రెట్లు అధికము.

ఈ సత్యము మనుష్యులకు సులభముగ తెలియలేదు. ఆల్బర్టాలో కొండలలోనికి బాటలు ఏర్పడిన కొలది వేటగాండ్రు సులభముగ చేరగలిగిరి. ఇతర మృగములవలెనే ఈ మేకలును తఱిగిన సంఖ్యను త్వరలో పూరించుకొనునని పూర్వము అధికారులు భావించిరి. అట్లు జరుగలేదు. మందలు క్షీణించినవి. తుదకు 1987లో ఆ ప్రాంతమున కొండమేక వేటను పూర్తిగా నిలిపివేయవలసి వచ్చెను. పదునాలుగేండ్ల తరువాత, 2001లో, మిక్కిలి స్వల్పముగ మాత్రమే మరల అనుమతించిరి. ఈ నడుమ 1980ల చివర మొదలుకొని శాస్త్రజ్ఞులు ఆల్బర్టాలోని కా రిడ్జ్ అను కొండవరుసపై ఒక మందను ఏటేట గమనించి, ఒక్కొక్క మేకను గుర్తుపట్టి, దాని జీవితచరిత్రను వ్రాసికొనిరి. ఫెస్టా-బియాంషె, కోటే అను నిరువురు శాస్త్రజ్ఞులు 2008లో ప్రచురించిన గ్రంథము ఈ పరిశ్రమ ఫలమే. ఆడుమేకలను కాపాడనిదే మంద నిలువదని వారి పరిశోధన స్పష్టపఱచెను.

దీనికి విరుద్ధముగ, మనుష్యులు తెచ్చి విడిచిన చోట్ల కొన్నియెడల మేకలు మితిమీరి పెరిగినవి. అలాస్కాలోని కోడియాక్ ద్వీపమున పూర్వము ఈ జంతువు లేదు. 1952, 1953 సంవత్సరములలో పదునెనిమిది మేకలను అచ్చటికి చేర్చిరి. అవి నేడు వేల సంఖ్యకు పెరిగినవి. వాషింగ్టన్ రాష్ట్రములోని ఒలింపిక్ పర్వతములలో 1920 ప్రాంతములలో విడిచిన మేకలు అచ్చటి అరుదైన మొక్కలకు హాని చేయుచుండుటచేత, 2018 మొదలు 2020 వఱకు వందలకొలది మేకలను హెలికాప్టరులలో తరలించి, వానికి సహజస్థానమైన కాస్కేడ్ పర్వతములలో విడిచిరి. కావున ఒక చోట కాపాడవలసిన జంతువునే మఱియొక చోట తగ్గింపవలసి వచ్చును. ఏ కొండలో ఎన్ని మేకలను చంపవచ్చునో లెక్కించి నిర్ణయించు భారము ప్రభుత్వపు వన్యప్రాణిశాఖలది.

ఆ కొండల ఆదిమవాసులకు ఈ జంతువుతో ప్రాచీనమైన చెలిమి కలదు. అలాస్కా తీరమునగల ట్లింగిట్ జనులు కొండమేక ఉన్నిని, పసుపు దేవదారు చెట్టు నారను కలిపి పేని, చిల్కాట్ దుప్పట్లను నేయుదురు. ఒక్కొక్క దుప్పటి నేయుటకు సుమారు ఒక సంవత్సరము పట్టును. కొమ్ములను వేడిచేసి వంచి, చెక్కడపు పనితో అందమైన గరిటెలను చేయుదురు. మాంసమును, క్రొవ్వును ఆహారముగ గ్రహించెడివారు. జంతువులో ఏ భాగమును వ్యర్థపుచ్చక పోవుట వారి మర్యాద. నేటి చట్టములును ఆ మర్యాదనే అనుసరించుచున్నవి.

ఇక ఒక యువకుడు తొలిసారిగా ఈ వేటకు పోవ సంకల్పించినాడనుకొందము. అనుభవజ్ఞుడైన ఒక వృద్ధుడు అతనికి గురువుగా దొరికినాడనియు అనుకొందము. శిష్యుడు మొట్టమొదట తుపాకులను గూర్చి ప్రశ్నించును. గురువు నవ్వి, “నాయనా! ముందు అనుమతిపత్రమును, తరువాత నీ కాళ్లను, ఆ తరువాత నీ కన్నులను సిద్ధము చేసికొనుము. తుపాకి సంగతి చివర చూతము” అనును. ఈ క్రమము ఆలోచింపదగినది.

అనుమతిపత్రము కోరిన వారికెల్ల దొరకదు. చాలచోట్ల చీటీలు వేసి, పేరు వచ్చినవారికే యిత్తురు. కొన్ని రాష్ట్రములలో ఒక మనిషికి జీవితమున ఒక్క పర్యాయమే అవకాశము. అలాస్కాలో పరరాష్ట్రమువాడు కొండమేకను వేటాడవలెననిన, అనుమతి పొందిన మార్గదర్శినో, ఆ రాష్ట్రమున నివసించు దగ్గఱి బంధువునో వెంట తీసికొనిపోవలెను. పిల్లతోనున్న తల్లిని చంపుట అచ్చట నిషిద్ధము. కొన్ని మండలములలో పోతును చంపినచో ఒకటిగాను, ఆడుమేకను చంపినచో రెండుగాను లెక్కకట్టి, ఆ మొత్తము నిర్ణీతసంఖ్యకు చేరగానే ఆ యేటికి వేటను ముగింతురు. అనగా ఒకని తొందరపాటు మఱియొకని అవకాశమును గూడ హరించును.

రెండవది దేహము. ఈ వేటలో ఒక్క దినమున వేయి మీటర్ల ఎత్తు ఎక్కవలసి రావచ్చును. బాట యుండదు, వదులు రాళ్లు, తడిసిన గడ్డి, ముండ్లపొదలు, మంచుపలకలు అడుగడుగున అడ్డుపడును. కావున నాలుగైదు మాసముల ముందునుండియే యువకుడు సాధన మొదలుపెట్టవలెను. మొదట ఒట్టి చేతులతో కొండలెక్కి, పిదప వీపుసంచిలో పది కిలోగ్రాములు, పదునైదు, ఇరువది, అట్లు క్రమముగా బరువు పెంచుకొనుచు పోవలెను. కొండలు లేని చోట నివసించువారు ఎత్తైన భవనముల మెట్లను బరువుతో ఎక్కుచు దిగుచు సాధన చేయుదురు. ఎక్కుటకంటె దిగుటలో మోకాళ్లకు శ్రమ యెక్కువ. కావున దిగు సాధనను మానరాదు. క్రొత్త బూట్లను వేటనాడు తొడుగుట గొప్ప తెలివితక్కువ. వానిని నెలల ముందే తొడిగి, పాదమునకు అలవాటు చేసికొనవలెను. ఒక్క పొక్కు చాలును, మనుష్యుని కొండనడుమ కుంటివానిని చేయుటకు.

దుస్తుల విషయమున మన యెఱుకకును వారి యెఱుకకును భేదము కలదు. మనకు నూలుబట్ట సుఖప్రదము. ఆ కొండలలో నూలుబట్ట ప్రాణాంతకము కావచ్చును. చెమటకుగాని వానకుగాని తడిసిన నూలు ఆరక, దేహపు వేడిమిని లాగివేయును. ఉన్ని తడిసినను కొంత వెచ్చదనము నిలుపును. అందుచేత లోపల పలుచని ఉన్నిబట్ట, దానిపై మందపుది, అన్నిటిపైన గాలిని వానను ఆపు అంగీ, ఇట్లు పొరలుపొరలుగా ధరింతురు. ఎక్కునప్పుడు పొరలు తీసివేసి చెమట తగ్గించుకొని, కూర్చున్నప్పుడు మరల తొడుగుకొందురు. చలిలో తడిసి గాలి తగిలినవానికి మొదట వణకు పుట్టును. పిమ్మట వ్రేళ్లు వశము తప్పును. ఆ పిమ్మట బుద్ధియే మందగించును. బుద్ధి మందగించినవానికి తాను అపాయమున నున్న సంగతియే తెలియదు. అదియే ఆ వ్యాధిలోని కపటము. కావున వెంటనుండువారు ఒకరినొకరు కనిపెట్టుచుండవలెను.

వీపుసంచిలో చిన్న గుడారము, నిద్రసంచి, పొయ్యి, తేలికయై బలమిచ్చు ఆహారము, కట్టుగుడ్డలు, మందులు, నుదుట కట్టుకొను దీపము, మోకు, మంచుగొడ్డలి, బూట్ల అడుగున కట్టుకొను ఇనుపములుకుల చట్రములు ఉండవలెను. ఐదు దినముల వేటకు ఏడు దినముల తిండి తీసికొనిపోవలెను. పొగమంచు క్రమ్మినచో రెండుమూడు దినములు గుడారము విడిచి కదలుటకు వీలుండదు. తాము పోవు దారిని, తిరిగివచ్చు దినమును వ్రాసి ఇంటివద్ద నొకరికి ఇచ్చిపోవుట తప్పనిసరి. నేడు ఉపగ్రహముల ద్వారా సందేశము పంపు చిన్న యంత్రములు కలవు. అవి యున్నను వాతావరణము బాగుగ లేనిచో హెలికాప్టరు రాజాలదు. యంత్రము సహాయమును పిలువగలదేకాని, దానిని తీసికొనిరాలేదు.

ఏ మాసమున పోవలెనను ప్రశ్నయు కలదు. అలాస్కాలో చాలచోట్ల ఆగస్టు మొదలు డిసెంబరు వఱకు వేటకాలము. ఆగస్టులో వాతావరణము మంచిది, పగలు దీర్ఘము. కాని మేక బొచ్చు కుఱుచ. అక్టోబరు, నవంబరులలో బొచ్చు నిండుగా పెరిగి చర్మము శోభిల్లును. కాని మంచు కురియును, పగలు కుఱుచయగును, అపాయము పెరుగును. తొలిసారి పోవువాడు అందమైన చర్మమునకై ఆశపడక ముందుగా పోవుటయే మేలని పెద్దలు చెప్పుదురు.

ఇక కన్నుల సాధన. పోతును ఆడుమేకను దూరమునుండి గుర్తించుట ఇందలి ముఖ్యవిద్య. రెంటికిని కొమ్ములున్నవి, రెంటికిని గడ్డమున్నది. పరిమాణమునుబట్టి పోల్చుకొందమనిన, ఒంటరిగానున్న మేక ప్రక్కన కొలబద్ద యేది? కావున కొమ్ములనే పరిశీలింపవలెను. పోతు కొమ్ము మొదలు లావుగా నుండి, రెండు కొమ్ములును నుదుట దగ్గఱగా చేరియుండును. మొదటినుండి కొన వఱకు సమముగా వంగియుండును. ఆడుమేక కొమ్ము సన్నము. మొదళ్లనడుమ ఎడము అధికము. చాలదూరము నిటారుగా పోయి, కొనవద్ద వెనుకకు వంగును. పోతులు తఱచు ఒంటరిగానో ఇద్దఱు ముగ్గురుగానో తిరుగును. ఆడుమేకలు పిల్లలతోను ఏడాది మేకలతోను గుంపుగా నుండును. ఐనను ఒంటరి ఆడుమేకలు లేకపోలేదు. ఒక్క లక్షణమును నమ్మరాదు. నాలుగు లక్షణములు ఏకముఖముగ చెప్పినప్పుడే నిశ్చయింపవలెను. అందులకై వన్యప్రాణిశాఖవారు చిత్రములతో పాఠములు ఏర్పఱచినారు. కొన్నిచోట్ల పరీక్షయు పెట్టుదురు. మన యువకుడు చలికాలపు రాత్రులు ఆ చిత్రముల ముందు కూర్చుండి అభ్యసింపవలెను.

తుదకు తుపాకి వంతు వచ్చినది. ఇందు గణితశాస్త్రము సాయపడును. తుపాకి గుండు పోవునప్పుడు భూమ్యాకర్షణచేత క్రిందికి వంగును. దూరమెక్కువైన కొలది వంపు ఎక్కువ. ఐతే ఎత్తునకో పల్లమునకో కాల్చునప్పుడు లెక్కింపవలసినది ఏటవాలు దూరము కాదు, సమతలపు దూరము. జంతువు ఏటవాలుగ 300 మీటర్ల దూరమున, 45 డిగ్రీల కోణమున నున్నదనుకొందము. సమతలపు దూరము సుమారు 212 మీటర్లే. కోణము 60 డిగ్రీలైనచో అది 150 మీటర్లే యగును. ఈ భేదము తెలియక 300 మీటర్లకు తగినట్లు గుఱిపెట్టినవాని గుండు జంతువు వీపుమీదుగా పోవును, లేదా తగులరాని చోట తగిలి దానిని వృథాగ బాధించును. మీరు తరగతిలో నేర్చు త్రిభుజములు ఆ కొండలలోను పనికివచ్చుచున్నవని గమనింపుడు.

యువకుడు సిద్ధుడై కొండకు పోయినాడు. తెల్లవాఱకముందే లేచి, దుర్భిణితో చఱియలను వెదకుచు గంటలకొలది కూర్చుండవలెను. మంచుపలకలనడుమ తెల్లని చుక్క కదలినచో అది మేక. కొండమేక తనకు అపాయము క్రిందినుండి వచ్చునని యెఱిగి, క్రిందివైపే ఎక్కువగ చూచుచుండును. అందుచేత దూరపు దారిన చుట్టుకొనిపోయి, దానికి పైభాగమున చేరుట మంచి యుపాయము. గాలియు ఇందుకు తోడ్పడును. ఎండ తగులకముందు చల్లనిగాలి కొండమీదినుండి పల్లమునకు జారును. ఎండకాసి రాళ్లు వేడెక్కిన పిదప గాలి పల్లమునుండి పైకి లేచును. ప్రొద్దెక్కిన తరువాత పైనున్న వేటగాని వాసన క్రిందనున్న మేకకు చేరదు.

మూడు గంటలు ప్రాకి, మన యువకుడు ఒక బండచాటునకు చేరినాడు. రెండువందల మీటర్ల దూరమున, ఒక అంచుమీద తెల్లని మేక పడుకొని నెమరువేయుచున్నది. ఒంటరిగా నున్నది; దేహము భారీగా నున్నది. గుండె వేగముగ కొట్టుకొనుచుండగా అతడు తుపాకిని సవరించుకొనును. గురువు అతని భుజముపై చేయివేసి, మెల్లగా మూడు ప్రశ్నలడుగును. “అది పోతేనా? కాల్చినచో ఎచ్చట పడును? పడినచోటికి మనము పోగలమా?”

ఈ మూడు ప్రశ్నలలోనే ఆ విద్యయంతయు ఇమిడియున్నది. కొండమేక ప్రాణము గట్టిది. గాయపడియు రెండడుగులు వేసి అంచునుండి దుముకవచ్చును. నూఱుల మీటర్ల లోయలో పడినచో కొమ్ములు విఱుగును, మాంసము చెడును. దానికై దిగబోయిన మనుష్యుడును దానివెంట పోవును. అట్టిచోట కాల్చుటకంటె, మేక తానై లేచి మంచి తావునకు పోవువఱకు సాయంకాలముదాక నైనను వేచియుండుట మేలు. వేచియున్నప్పుడే నిజము బయటపడును.

ఒక గంట గడచినది. మేక లేచి ఒడలు విఱుచుకొని, తలను ప్రక్కకు త్రిప్పినది. కొమ్ములనడుమ ఎడము కన్పట్టినది. కొన వెనుకకు వంగియున్నది. అంతలో బండవెనుకనుండి, అంతవఱకు కనబడని చిన్న మేకపిల్ల యొకటి గంతులిడుచు వచ్చి తల్లి పొట్టక్రింద దూరినది. గంటముందు తొందరపడియున్నచో ఆ పిల్ల గతి యేమై యుండును? తల్లిలేని పిల్లకు చలికాలపు కొండలు దయచూపవు. యువకుడు తుపాకిని దించును. గుండును బయటకు తీయును. నాలుగైదు మాసముల సాధనయు, వ్యయమును, ఆ దినపు శ్రమయు ఫలింపలేదని అతనికి తోచవచ్చును. కాని అతడు అభ్యసించిన విద్య ఆ నిమిషముననే ఫలించినది.

మఱియొక దినమున అతనికి తగిన పోతు, తగిన చోట దొరకినదనుకొందము. గుండు తగిలిన పిమ్మటనే నిజమైన పని మొదలగును. చర్మమును ఒలిచి, ఎముకలనుండి మాంసమును వేఱుచేసి, సంచులలో కట్టి మోయవలెను. అలాస్కాలో తినదగిన మాంసమును కొండపై విడిచిపెట్టుట శిక్షింపదగిన నేరము. నెత్తురువాసనకు పెద్ద ఎలుగుబంట్లు వచ్చుననిన భయముతో, మాంసమును గుడారమునకు దూరముగ, నలువైపుల కనబడు చోట ఉంచవలెను. వీపున నలువది యేబది కిలోగ్రాముల బరువుతో, అలసిన కాళ్లతో, ప్రొద్దుగ్రుంకుచుండగా దిగుట అన్నిటికంటె అపాయకరమైన ఘట్టము. చీకటిపడినచో దిగక, అచ్చటనే చలికి ఓర్చి రాత్రి గడపి, తెల్లవాఱిన పిదప దిగువాడే వివేకి. శిఖరమునుండి ఇంటికి చేరినవానిదే వేట పూర్తియైనదని గ్రహింపవలెను.

మన దేశమున ఇట్టి వేటకు తావులేదు. 1972లో చేయబడిన వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించుచున్నది. మన దక్షిణదేశపు కొండలలోను మేకజాతి జంతువొకటి కలదు. అదియే నీలగిరి తార్. తమిళనాడు, కేరళ రాష్ట్రములలోని పడమటి కనుమల ఎత్తైన పచ్చికబయళ్లలో తప్ప లోకమున మఱెచ్చటను సహజముగ అది లేదు. తమిళులు దానిని వరైయాడు అందురు; తమిళనాడు దానిని తమ రాష్ట్రజంతువుగ గౌరవించుచున్నది. కేరళలోని ఎరవికుళం జాతీయవనములో దానిని దగ్గఱనుండి చూడవచ్చును. దానిని చూడబోవు వానికి తుపాకి అక్కఱలేదు. కాని సాధన చేసిన కాళ్లును, ఓపికగల కన్నులును, జంతువును గూర్చిన జ్ఞానమును కావలెను. ఆ మూడింటి విషయమున వేటగానికిని, ప్రకృతిని ప్రేమించు యాత్రికునికిని భేదము లేదు.

వేటను మెచ్చువారును, మెచ్చనివారును లోకమున కలరు. ఆ వివాదమును మీరు పెద్దవారై మీ బుద్ధితో తేల్చుకొందురు గాక. ఐతే ఏ పక్షమువారైనను ఒప్పుకొనవలసిన సంగతి యొకటి కలదు. ఒక ప్రాణము తన చేతిలోనున్నదని యెఱిగినవాడు, తొందరపడుటకు హక్కు లేనివాడు. వైద్యునికిని, వాహనము నడపువానికిని, న్యాయాధిపతికిని ఈ మాట వర్తించును. బాలబాలికలారా! మీరు ఏ వృత్తి నవలంబించినను, చేయి చాచుటకు ముందు ఆ కొండమీది గురువు అడిగిన ప్రశ్నలను మీకు మీరే వేసికొనుడు.

ప్రశ్నలు

1. కొండమేక నిట్టనిలువు చఱియలపై నిలువగలుగుటకు దాని గిట్టల నిర్మాణము ఎట్లు తోడ్పడుచున్నది?
2. ఆల్బర్టాలో 1987లో కొండమేక వేటను ఏల నిలిపివేసిరి?
3. ఆ కొండలలో నూలుబట్టకంటె ఉన్నిబట్ట మేలని చెప్పుటకు కారణమేమి?
4. పోతునకును ఆడుమేకకును కొమ్ములలో గల భేదములను వివరింపుడు.
5. గురువు అడిగిన మూడు ప్రశ్నలెవ్వి? వానిలో ప్రతిదాని ప్రయోజనమును మీ సొంతమాటలలో వ్రాయుడు.
6. జంతువు 400 మీటర్ల ఏటవాలు దూరమున, 60 డిగ్రీల కోణమున నున్నచో సమతలపు దూరమెంత?